కప్పు మీద గుర్రం, అంచున ఒక చెయ్యి: ఈ బొమ్మ ఎవరిది?

రుషికొండ (విశాఖపట్నం):
అందరికీ నమస్కారం. మా మేనల్లుడు పారిస్ వెళ్ళొస్తూ నాకో కాఫీ కప్పు తెచ్చాడు. తెల్ల పింగాణీ కప్పు. ఒక పక్క నలుపులో గుండ్రటి బొమ్మ ఉంది. గుర్రం మీద ఒక మనిషి కూర్చున్నాడు, తలకి కట్టిన గుడ్డ కళ్ళ మీదికి దిగింది. చూడగానే దాగుడుమూతలు ఆడుతున్నాడు కాబోలు అనుకున్నా. గుర్రాన్ని చూస్తే మాత్రం ఆటలా లేదు, పాపం తల వేలాడేసింది. ఇంకో విచిత్రం చెప్తాను. గుండ్రం అంచు దగ్గర ఒక చెయ్యి కళ్ళెం పట్టుకుని కనిపిస్తోంది. చెయ్యి ఉంది కానీ మనిషి లేడు. రోజూ కాఫీ తాగేటప్పుడు దాని మీదికే చూపు పోతోంది. బొమ్మ కింద పేరు లేదు. కప్పు అడుగున డిష్‌వాషర్‌లో పెట్టొద్దని రాశారు, అంతే. ఇది ఎవరు గీసిందో ఎవరైనా చెప్పగలరా? ఫొటో పెట్టాను.

సుద్దరాయి (హైదరాబాద్):
రుషికొండ గారూ, ఆ చెయ్యి చూడగానే తెలిసిపోయిందండీ. ఇది ఫ్రెంచ్ చిత్రకారుడు తెయోదోర్ జెరికో 1818లో చేసిన లిథోగ్రాఫ్, అంటే రాయి మీద గీసి కాగితం మీద తీసిన అచ్చు. పేరు ‘రెటూర్ ద రూసీ’, అంటే రష్యా నుంచి తిరిగి రావడం. 1812లో నెపోలియన్ సైన్యం మాస్కో దాకా వెళ్ళి, మంచులో చచ్చీ చెడీ వెనక్కి వచ్చింది కదా, ఆ దారిలో దృశ్యం. గుర్రం మీద ఉన్నది చూపు పోయిన అశ్వికుడు. ముందు నడుస్తూ గుర్రాన్ని తీసుకెళ్తున్నది కాల్బలం సైనికుడు, ఒక చెయ్యి పోయినవాడు. ఒకడికి కళ్ళు లేవు, ఇంకొకడికి చెయ్యి లేదు. ఇద్దరూ కలిసి ఒక గుర్రంతో ఇల్లు చేరాలని చూస్తున్నారు.

మీ కప్పు చేసినవాళ్ళు ఆ నడిచేవాణ్ణి మొత్తం కోసేశారు. వాడికి మిగిలిన ఒక్క చేతినీ మాత్రం ఉంచారు.

రుషికొండ:
అయ్యో. దాగుడుమూతలు అన్నందుకు సిగ్గేస్తోందండీ. ఇలాంటి బొమ్మని కప్పు మీద ఎవరు వేస్తారు? పైగా గుండ్రంగా, ముచ్చటగా?

హీట్‌ప్రెస్ (విజయవాడ):
నేను వేస్తానండీ, ఆర్డర్ వస్తే. నవ్వులాటకి కాదు, నాది కప్పుల మీద ఫొటోలు వేసే షాపే. మాకు వచ్చే ఫైల్ చాలా వరకు ఒక ఫోల్డర్‌లో ‘గుర్రం 14’ అన్న పేరుతో ఉంటుంది. ఎవరు గీశారో, ఏం కథో ఎవరికీ తెలీదు. కోయడానికి కారణం కూడా చెప్తాను. మామూలు కప్పు చుట్టూ తిప్పితే అచ్చు పడే చోటు దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు. సుద్దరాయి గారు చెప్పిన బొమ్మ ఇప్పుడే వెతికి చూశాను, అది నిలువు బొమ్మ. 9 సెంటీమీటర్ల ఎత్తులో మొత్తం పెడితే అగ్గిపెట్టె మీద బొమ్మలా చిన్నదైపోతుంది. అందుకని ముఖ్యమైంది అనుకున్న ముక్కని గుండ్రంగా కత్తిరించి పెద్దది చేస్తారు. డిజైన్ చేసేవాడికి ముఖ్యమైంది అంటే గుర్రం, దాని మీద మనిషి. నడిచేవాడు లెక్కలోకి రాడు.

ఒంటెద్దుబండి (కర్నూలు):
ఇంత బాధ పడాల్సిన పని ఉందా? రెండు వందల ఏళ్ళ కిందటి బొమ్మ, కాఫీ కప్పు మీదికి వచ్చింది కాబట్టే కదా రుషికొండ గారు ఇవాళ జెరికో పేరు విన్నారు. గోడకి వేలాడే బొమ్మ పవిత్రం, కప్పు మీదికి వస్తే మైల పడిపోతుందా?

సుద్దరాయి:
ఒంటెద్దుబండి గారూ, సగం మీతోనే ఉన్నాను. లిథోగ్రాఫ్ అంటేనే నకళ్ళ కోసం పుట్టిన పద్ధతి. 1790ల చివర్లో మ్యూనిక్‌లో ఆలోయిస్ జేనెఫెల్డర్ కనిపెట్టాడు. మన షాబాదు బండలా నున్నగా ఉండే సున్నపురాయి, బవేరియాలోని జోల్న్‌హోఫెన్ నుంచి వచ్చేది, దాని మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. తర్వాత జిగురు, ఆమ్లం కలిపి పూస్తారు. రాయిని తడిపి సిరా రోలర్ దొర్లిస్తే, జిడ్డు ఉన్నచోట సిరా పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు. దాని మీద కాగితం పెట్టి ప్రెస్సులో నొక్కితే అచ్చు వస్తుంది. రాగి రేకు మీద చెక్కాలంటే ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి. రాయి మీద గీయడానికి పెన్సిల్ పట్టడం వస్తే చాలు. అందుకే 1816 తర్వాత పారిస్‌లో చిత్రకారులు దీని మీద పడ్డారు. జెరికో బతికింది 32 ఏళ్ళే (1791 నుంచి 1824), అందులో లిథోగ్రాఫ్‌లే వందకి దగ్గరగా చేశాడు. వాటిలో గుర్రం లేనివి వెతుక్కోవాలి.

అప్పట్లో ఇవి కూడా ‘సామాన్య వస్తువులే’. దుకాణాల కిటికీల్లో వేలాడదీసి అమ్మేవాళ్ళు. నెపోలియన్ గద్దె దిగి పాత రాజవంశం తిరిగొచ్చిన కాలం అది. పాత సైనికుల బొమ్మలు కొనుక్కోవడం అంటే నోరు విప్పకుండానే ఏదో చెప్పడం. నెపోలియన్ బొమ్మలు పొడుం డబ్బాల మీదికి, పళ్ళాల మీదికి కూడా వెళ్ళాయి. కాబట్టి కప్పు మీద వెయ్యడం తప్పు కాదు. నాకు కోపం కోతమీదే.

ఒక సంగతి మర్చిపోయాను. జెరికో ఆ యుద్ధానికి వెళ్ళలేదు. 1811లో సైన్యంలోకి పిలుపు వస్తే డబ్బిచ్చి తన బదులు ఇంకో మనిషిని పంపారు. అది తెలిశాక నాకు ఈ బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది.

నీలిపళ్ళెం (స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర):
గుర్రం, రౌతు, ఇంటి సామాను అని ఇక్కడ మాట వచ్చాక ఆగలేకపోతున్నాను. నేనుండేది ఇంగ్లండు పింగాణీ ఊళ్ళ మధ్య. ఇక్కడి స్పోడ్ అనే పింగాణీ కంపెనీ వాళ్ళు 1810 తర్వాత ‘ఇండియన్ స్పోర్టింగ్’ అని నీలం తెలుపు భోజనం సెట్టు ఒకటి తీశారు. బొమ్మలన్నీ మన దేశంలో వేటవి. బెంగాల్ సైన్యంలో పనిచేసి, ఇరవై ఏళ్ళకి పైగా అక్కడ గడిపిన కెప్టెన్ థామస్ విలియమ్సన్ స్కెచ్‌లు ఇచ్చాడు, శామ్యూల్ హోవిట్ వాటిని బొమ్మలుగా తీర్చిదిద్దాడు, ఎడ్వర్డ్ ఓర్మ్ లండన్‌లో 1807లో ‘ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్’ అని 40 రంగుల అచ్చులతో పెద్ద పుస్తకం వేశాడు. ఆ పుస్తకం డబ్బున్నవాళ్ళకే. స్పోడ్ వాళ్ళు అందులో బొమ్మల్ని తీసి అన్నం తినే పళ్ళాల మీదికి ఎక్కించారు.

ఒక్కో సైజు పళ్ళేనికి ఒక్కో బొమ్మ. మామూలు భోజనం పళ్ళెం మీద ఎలుగుబంటి చావు. పెద్ద వడ్డన పళ్ళెం మీద అడవిపందుల వేటకి గుర్రాల మీద బల్లేలతో వెళ్ళినవాళ్ళకి పిల్లలతో ఉన్న ఆడపులి ఎదురవడం. ఆదివారం మధ్యాహ్నం మాంసం ముక్కలు అయిపోతుంటే కింద నుంచి పులి బయటపడుతుంది, ఊహించుకోండి. మొదటిసారి ఆ పళ్ళెం చేతిలోకి తీసుకున్నప్పుడు నేను చూసింది గుర్రాన్ని కాదు. గుర్రం ఎక్కినవాళ్ళంతా దొరలు, పక్కన కాలినడకన పరిగెత్తేవాళ్ళు మనవాళ్ళు. కప్పు మీద చెయ్యి గురించి చదవగానే అదే గుర్తొచ్చింది.

రుషికొండ:
పళ్ళెం మీదికి అంత సన్నటి బొమ్మ ఎలా ఎక్కించేవాళ్ళండీ? చేత్తో గీసేవాళ్ళా?

నీలిపళ్ళెం:
చేత్తో కాదండీ, అందులోనే ఉంది మజా. రాగి రేకు మీద బొమ్మ చెక్కుతారు. రేకుని వేడి చేసి నూనెతో కలిపిన రంగు గీతల్లో నింపి, పైది తుడిచేస్తారు. సబ్బునీళ్ళు పట్టించిన పల్చటి కాగితం దాని మీద పెట్టి అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని ఆడవాళ్ళు కత్తెరతో ముక్కలు చేసి, ఒకసారి కాల్చి ఇంకా గ్లేజు (గాజులా మెరిసే పూత) వెయ్యని పళ్ళెం మీద అంటించి, గట్టి బ్రష్‌తో రుద్దుతారు. రంగు మట్టిలోకి దిగుతుంది. కాగితాన్ని నీళ్ళతో కడిగేస్తారు. ఆ తర్వాత గ్లేజు, మళ్ళీ బట్టీ. అంత వేడికి ఆగే రంగుల్లో కోబాల్ట్ నీలం నమ్మకమైనది, అందుకే ఆ కాలం పళ్ళాలన్నీ నీలం. అంచు డిజైన్ కలిసే చోట అతుకు కనిపిస్తుంది, ఎప్పుడైనా దొరికితే వేలితో రాసి చూడండి. ఇలాంటి పద్ధతి అంతకు ముందే లివర్‌పూల్‌లో ఉండేది. 1756లో జాన్ సాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200కి పైగా టైల్స్ మీద అచ్చు వేశామని ప్రమాణపత్రం రాసిచ్చారు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. రాయి మీదైనా రేకు మీదైనా గీసింది కాగితం మీద తిరగబడి వస్తుంది. పళ్ళేనికి ఆ కాగితం నుంచి ఇంకోసారి తిరగబడుతుంది కాబట్టి, రేకు మీద ఎలా ఉందో పళ్ళెం మీద అలాగే. పుస్తకంలో బొమ్మని చూసింది చూసినట్టు చెక్కితే చాలు.

హీట్‌ప్రెస్:
అక్కా, తిరగబడటం గురించి నన్ను అడగండి. షాపు పెట్టిన మొదటి వారంలో పెళ్ళిరోజు కప్పులు 24 చేశాను. కాగితం మీద అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ తీయాలి, మర్చిపోయాను. ‘శుభాకాంక్షలు’ అన్నీ వెనక నుంచి ముందుకి. కప్పులన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి, ఇప్పటికీ వాటిలోనే టీ తాగుతున్నాం.

పెడన అద్దకం (పెడన):
మా ఇంట్లో మూడు తరాలుగా అద్దకం పనే. గుర్రం అచ్చులు మాకూ ఉన్నాయి, టేకు చెక్కతో చేసినవి. ముందు గీత అచ్చు, తర్వాత లోపల రంగుకి ఇంకో అచ్చు. నలుపు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో చేస్తాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రాన్సులో అచ్చు బొమ్మల గుడ్డలు మొదలైందే మనవైపు గుడ్డల్ని చూసి. కోరమండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డల్ని వాళ్ళు ‘ఇండియెన్’ అనేవాళ్ళు. వాటి మోజు తట్టుకోలేక ఆ దేశం 1686 నుంచి 1759 దాకా నిషేధం పెట్టింది. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీలో అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు, 1770 నుంచి చెక్క అచ్చులతో పాటు రాగి రేకులూ వాడాడు. రేకు గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది, చెక్కకి ఆ సన్నం రాదు. పల్లె బొమ్మలు, వేట బొమ్మలు కర్టెన్ల మీదికి, మంచం తెరల మీదికి అలా ఎక్కాయి. సుద్దరాయి గారు రాయి గురించి చెప్పారు, నీలిపళ్ళెం అక్క పింగాణీ గురించి చెప్పారు. గుడ్డ సంగతి వదిలేశారని రాశాను.

ఒంటెద్దుబండి:
ఇది బాగుంది అన్నా. కానీ అందరూ ఏడుపు బొమ్మలే చెప్తున్నారు. ఆ కాలంలో సరదా గుర్రం ఒక్కటీ లేదా?

నీలిపళ్ళెం:
ఎందుకు లేదు! ఇక్కడ పాత సామాన్ల అంగడికి వెళ్తే భోజనం బల్ల మీద పరిచే చాపల మీద హెన్రీ ఆల్కెన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి గుర్రాలు కనిపించని రోజుండదు. ఆయన గీసినవాటిలో అన్నిటికన్నా నాకిష్టమైనవి 1839లో అకర్‌మన్ అనే ప్రచురణకర్త అచ్చువేసిన నాలుగు బొమ్మలు, ‘నాక్టన్ రాత్రి రౌతులు’ అంటారు. ఇప్స్‌విచ్ సైనిక శిబిరంలోని అధికారులు అర్ధరాత్రి వెన్నెల్లో, యూనిఫాం మీద తెల్లటి నైట్ షర్టులు, తలకి నైట్ టోపీలు పెట్టుకుని నాక్టన్ చర్చి దాకా గుర్రప్పందెం వేసుకున్నారట. కథ నిజమో కాదో గానీ బొమ్మ చూస్తే పొట్ట చెక్కలవుతుంది. ఊళ్ళోవాళ్ళు దయ్యాలనుకుని కిటికీల్లోంచి తొంగి చూస్తుంటారు. కామెడీ గుర్రాల్లో ఇంకోటి డాక్టర్ సింటాక్స్. రోలండ్‌సన్ గీసిన ఈ పంతులుగారు ‘గ్రిజిల్’ అనే ముసలి గుర్రమెక్కి అందమైన దృశ్యాలు వెతుక్కుంటూ తిరుగుతాడు. క్లూస్ కంపెనీ వాళ్ళు ఆయన్నీ నీలం పళ్ళాల మీదికి ఎక్కించారు.

సుద్దరాయి:
ఆల్కెన్ గుర్రాల కాళ్ళు గమనించారా? ముందు రెండూ ముందుకి, వెనక రెండూ వెనక్కి, పొట్ట నేలకి ఆనుతుందేమో అన్నట్టు. ఆ కాలం గుర్రప్పందెం బొమ్మలన్నీ దాదాపు ఇంతే, జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ ఆయిల్ పెయింటింగ్‌తో సహా. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరాలు వరసగా పెట్టి ఫొటోలు తీస్తే తేలింది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం ఉంది కానీ అప్పుడు కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. అయినా సరే, నాకు తప్పు కాళ్ళ గుర్రమే వేగంగా పోతున్నట్టు కనిపిస్తుంది.

ఒంటెద్దుబండి:
మరి మజెప్పా అని ఒకాయన్ని గుర్రానికి కట్టేసిన బొమ్మ ఎక్కడో ట్రే మీద చూశాను. అది రౌతు కింద లెక్కా, లగేజీ కింద లెక్కా?

సుద్దరాయి:
మంచి ప్రశ్నే 😄 ఇంగ్లీషు కవి బైరన్ 1819లో అచ్చువేసిన కావ్యంలోది. ఒక పడుచువాణ్ణి బట్టలు విప్పేసి అడవి గుర్రానికి కట్టి తోలేస్తారు. ఒరాస్ వెర్నే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1826లో వెంటపడే తోడేళ్ళతో సహా వేశాడు. స్టూడియోలో ఎవరో కత్తి తిప్పుతుంటే బొమ్మ చిరిగిందట, ఇంకోటి వేశాడు. రెండూ అవిన్యోఁ మ్యూజియంలోనే ఉన్నాయి. మజెప్పా ఇంగ్లండులో పింగాణీ బొమ్మలుగా కూడా వచ్చాడు, షోకేసులో పెట్టుకునేవి. అమెరికాలో నథానియల్ కరియర్ 1846లో నాలుగు లిథోగ్రాఫ్‌లు అమ్మాడు. ఏ ఇంట్లో ఏ గోడకి పెట్టుకునేవాళ్ళో మరి.

అసలు విషయానికి వస్తాను. జెరికో లండన్‌లో ఉండగా 1821లో హల్మండల్ ప్రెస్సులో ఇంగ్లండు సిరీస్ అచ్చు వేశాడు. అందులో బొగ్గు బండి లాగే గుర్రాలు, నాడాలు కొట్టే పనివాళ్ళు, రేవు గేటులోకి దిగే బండి గుర్రాలు. పందెం గుర్రాల కన్నా వాటినే నేను ఎక్కువసేపు చూస్తాను. కప్పుల మీద వాటిని ఎవరూ వెయ్యరు. వేస్తే నేను ఆరు కొంటాను.

రుషికొండ:
నాకో ఆలోచన వచ్చింది. మొత్తం బొమ్మతో, ఇద్దరు మనుషులతో ఇంకో కప్పు చేయించుకోవచ్చా? హీట్‌ప్రెస్ తమ్ముడూ, చేసిపెడతావా? కాపీరైటు గొడవ ఏమైనా ఉంటుందా?

అరుగు (నిర్వాహకులు):
మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ వరకే హక్కులు. జెరికో పోయింది 1824లో, కాబట్టి ఆ భయం లేదు. ఫైల్ మాత్రం ఏదో కప్పుల సైటు నుంచి కాకుండా మ్యూజియం సైటు నుంచి తీసుకోండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం లాంటివి తమ దగ్గరున్న హక్కులు తీరిపోయిన బొమ్మల్ని ఎవరైనా వాడుకోవచ్చని 2017 నుంచి ఇచ్చేశాయి. ఒక్కో మ్యూజియానిది ఒక్కో షరతు, కిందున్న లైను చదివి తీసుకోండి.

హీట్‌ప్రెస్:
చేస్తానక్కా. మూడు మాటలు. ఒకటి, నిలువు బొమ్మ కాబట్టి పొడుగు కప్పు తీసుకుందాం, పొట్టి కప్పులో నడిచేవాడి మొహం తెలీదు. రెండు, మా పద్ధతిలో తెల్ల రంగు అనేది ఉండదు, తెలుపంటే కప్పు తెలుపే. 190 డిగ్రీల వేడికి రంగు ఆవిరై కప్పు మీది పూతలోకి ఇంకుతుంది. మూడు, ఈ బొమ్మకి వెనక లేత గోధుమ రంగు ఒకటి కనిపిస్తోంది. కాగితం పాతబడి వచ్చిన మచ్చా? తీసేయమంటారా?

సుద్దరాయి:
తియ్యొద్దు, తియ్యొద్దు! అది పాతబడిన మచ్చ కాదు తమ్ముడూ. జెరికో దీనికి రెండు రాళ్ళు వాడాడు. ఒక రాయి నలుపుకి, రెండోది ఆ లేత రంగుకి. రెండో రాయి మీద వెలుతురు పడాల్సిన చోట్ల గీకేశాడు, అక్కడ కాగితం తెలుపు బయటికి వస్తుంది. ఆ తెలుపే మంచు. లేత రంగు తీసేస్తే బొమ్మంతా తెల్లబడి మంచు కనపడకుండా పోతుంది. నీ కప్పు తెలుపు ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది.

పెడన అద్దకం:
మేమూ అంతే, తెలుపు ఎప్పుడూ గుడ్డదే.

రుషికొండ (మూడు వారాల తర్వాత):
కప్పు వచ్చిందండీ. ఫొటో పెట్టాను. మొదటిసారి చేసిందాన్లో కంప్యూటర్ తనంతట తానే లేత రంగు తీసేసిందట, తమ్ముడు చూసుకుని మళ్ళీ చేశాడు. రెండోది బాగా వచ్చింది. నడిచేవాడు కనిపిస్తున్నాడు, ఖాళీ చొక్కా చెయ్యి కూడా తెలుస్తోంది. మా మేనల్లుడు పక్కపక్కన పెట్టి చూసి, ‘అత్తా, నేను తెచ్చిందే డిజైన్ బాగుంది, ఇది నిండా కిక్కిరిసిపోయింది’ అన్నాడు. వాడికి కథంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, కొత్త కప్పు తను పట్టుకుపోతానన్నాడు. ఇవ్వలేదు. ఇంకోటి చెయ్యాలి తమ్ముడూ, ఈసారి సుద్దరాయి గారి బొగ్గు బండివి కూడా ఆరు కలిపి చెయ్యి.

పాత కప్పులో పెన్నులు పెట్టుకున్నాను. ఆ చెయ్యి నావైపు తిప్పి పెట్టాను.

హీట్‌ప్రెస్:
బొగ్గు బండి బొమ్మ అడ్డం బొమ్మ అక్కా, పొట్టి కప్పులో హాయిగా పడుతుంది. ఫైల్ పంపండి. తిప్పి వెయ్యడం మర్చిపోనులెండి.